ఓనరు బతికే ఉన్నారు

బుల్లిబాబు చివరిసారి కుట్టింది లారీ పట్టా కాదు, ఇంట్లో వాషింగ్ మెషీన్‌కి ముసుగు.

ఆషాఢం జల్లులు మొదలయ్యాయి. వెనక వసారాలో పెట్టిన మెషీన్ మీద వాన కొడుతోందని, బటన్ల సందుల్లోకి నీళ్ళు దిగితే అది పోతుందని నాగశ్రీ కొన్నాళ్ళుగా పోరుతోంది. "ఊళ్ళో లారీలన్నిటికీ గొడుగులు పడతారు, ఇంట్లో మెషీన్ తడుస్తుంటే కంటికి ఆనదు" అని దెప్పింది కూడా.  మర్నాడు మధ్యాహ్నం ఆయన భోజనానికి వస్తూ స్కూటర్ మీద నీలం పట్టా ఒకటి మడతపెట్టి తెచ్చాడు. నాలుగు మూలలా ఇత్తడి రింగులు, అంచు చుట్టూ రెండు వరసల కుట్టు. మెషీన్ మీద కప్పి, స్టూలెక్కి పైనుంచి ఒకసారి చూసుకుని, దిగి, రింగుల్లోంచి నైలాన్ తాడు లాగి అచ్చం లారీకి కట్టినట్టే బిగించాడు.

"దీనికి తాళ్ళెందుకండీ?" అంది నాగశ్రీ.

"రోడ్డెక్కాక గాలికి లేచిపోదూ?"

"ఇదెక్కడికి పోతుందని?"

"ముక్త్యాల వెళ్ళి సిమెంటు వేసుకొస్తుంది. కిరాయి ఓనరమ్మకే."

నవ్వకుండా అన్నాడు. నాగశ్రీ నవ్వింది. ఆయన కంచం ముందు కూర్చుని గోంగూరలో ఉప్పెక్కువైందన్నాడు. అంటూనే రెండోసారి వేసుకున్నాడు. చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటూ మెషీన్ వైపు ఇంకోసారి చూసి, చెప్పుల్లో కాళ్ళు పెట్టి వెళ్ళిపోయాడు. దీపాలు పెట్టే వేళకి ఆయన లేడు.

తను నవ్వకుండా ఎదుటివాళ్ళని నవ్వించడం ఆయనకి పుట్టుకతో వచ్చిన విద్య. ఆ విద్య వల్ల ఆయనకి ఒరిగిందేమీ లేకపోగా, నిజం చెప్పినా నమ్మేవాళ్ళు కరువయ్యారు. ఒకసారి కిడ్నీలో రాయి కదిలి నేలమీద పడి దొర్లుతూ "చచ్చిపోయేట్టున్నానే" అంటే, పక్కింటివాళ్ళతో సహా అందరూ నవ్వారు. వాంతి చేసుకున్నాకే ఆటో పిలిచారు. ఆసుపత్రి నుంచి వచ్చాక నాగశ్రీ కోప్పడింది, "నొప్పంటే నొప్పిలా చెప్పొచ్చుగా" అని. "నొప్పిలాగే చెప్పా. మీరే సినిమాలా చూశారు" అన్నాడు. దానికీ నవ్వింది.

బుల్లిబాబుది కంచికచర్ల పక్కన చెవిటికల్లు. కృష్ణ ఒడ్డున కాస్త పొలం, ఆ పొలంలో తమ్ముడు వీరేంద్రకి సగం. సేద్యం మీద మనసు నిలవక ముందు కంచికచర్లలో పురుగుమందుల కొట్టు పెట్టాడు. అరువు తీసుకున్న రైతులు ఎదురుపడితే పక్కసందులోకి తిరిగేవాళ్ళు, అంతే, కొట్టు మూతపడింది. తర్వాత వరికోత మిషను కొన్నాడు. ఆ ఏడే ఊరూరా మిషన్లు దిగాయి. దాన్ని అయినకాడికి అమ్ముకున్నప్పుడే, అంతవరకూ కడుతూ వచ్చిన జీవిత బీమా కూడా ఆపేశాడు.

అప్పుడు తల్లి రాఘవమ్మ కొడుకు జాతకం పట్టుకుని జగ్గయ్యపేటలో ఒక సిద్ధాంతిగారి దగ్గరికి వెళ్ళింది. ఆయన వేళ్ళమీద లెక్కలు వేసి, అబ్బాయి పేరున ఏది పెట్టినా నిలవదని, ఇల్లాలి పేరున పెడితే కలిసొస్తుందని చెప్పాడు. రాఘవమ్మకి ఆ మాట సగమే నచ్చింది. "పేరు దాందైతే ఏం, పని నీది. అందరికీ ఓనరువి నువ్వే" అని కొడుక్కి సర్ది చెప్పింది. చెప్పనక్కర్లేకుండానే ఆయన ఒప్పుకున్నాడు. పేర్ల పట్టింపు ఆయనకి లేదని అప్పట్లో నాగశ్రీ అనుకుంది.

అలా కాపురం జగ్గయ్యపేటకి మారింది; అక్కడ ముక్త్యాల వెళ్ళే దారిలో, సిమెంటు లారీలు వరసగా ఆగే చోట 'నాగశ్రీ టార్పాలిన్స్' వెలిసింది. బోర్డు మీద ఎర్రటి అక్షరాలు, కింద సన్నగా 'ప్రొప్రయిటర్: శ్రీమతి పి. నాగశ్రీ'. లైసెన్సు, కరెంటు మీటరు, షాపు అద్దె కాయితం, బ్యాంకు ఖాతా, జీఎస్టీ, అన్నీ ఆమె పేరునే. అన్నిటిమీదా ఆమె సంతకమే. భోజనాలయ్యాక ఆయన కాయితాలు తెచ్చి వేలు పెట్టి చూపిస్తే ఆ వేలు కింద సంతకం చేసేది. ఏమిటని అడిగితే "నిన్ను అమ్మేస్తున్నా" అనేవాడు. ఆ బోర్డు కింద ఆమె నిలబడింది కొబ్బరికాయ కొట్టిన రోజు మాత్రమే. లారీవాళ్ళ నోళ్ళు మంచివి కావని, ఆడవాళ్ళు నిలబడే చోటు కాదని ఆయన రానిచ్చేవాడు కాదు.

షాపులో మాత్రం ఆమె పేరు తెగ వాడుకునేవాడు. డ్రైవర్లు బేరమాడితే "నాదేముందయ్యా, మా ఓనరు ఒప్పుకోదు" అనేవాడు. "ఎవరు మీ ఓనరు?" అంటే బోర్డు చూపించేవాడు. కొత్త డ్రైవర్లు నిజంగానే ఎవరో గట్టి మనిషి వెనక ఉందనుకునేవాళ్ళట. ఇవన్నీ ఇంటికొచ్చి ఆయనే చెప్పేవాడు.

పని మాత్రం ప్రాణం పెట్టి చేసేవాడు. పట్టాల షాపుల్లో ఎక్కువమంది లారీ కొలతలు టేపుతో తీసుకుని కుట్టి ఇచ్చేస్తారు. ఈయన అలా ఇచ్చేవాడు కాదు. లోడు వేసుకున్న లారీ మీదకి తనే ఎక్కి, పట్టా పరిచి, తాళ్ళు లాగి కట్టి, ఏ మూల ఎత్తుగా ఉందో, ఏ మూల నీళ్ళు నిలుస్తాయో పైనుంచి చూసి, అక్కడ సుద్దముక్కతో గీసి, దింపి మళ్ళీ కుట్టేవాడు. సిమెంటు బస్తాకి ఒక్క చుక్క తగిలితే రాయైపోతుంది. ఆయన పట్టా కింద బస్తా తడిసిందని వచ్చినవాళ్ళు లేరు. షాపులో ఇద్దరు పనివాళ్ళున్నారు. వాళ్ళలో థామస్ మొదటినుంచీ ఉన్న కుట్టుపనివాడు. పైకెక్కేటప్పుడు థామస్ ఒకవైపు తాడు పడితే, ఆయన రెండోవైపు పట్టేవాడు. "ఓనరై ఉండి లారీలెక్కుతావేంట్రా" అని రాఘవమ్మ చిన్నబుచ్చుకునేది. "ఓనరు ఇంట్లో ఉందిగా, ఆవిణ్ణి ఎక్కమందామా" అనేవాడు.

బీమా సంగతి ఎత్తింది నాగశ్రీయే. పక్కనున్న గోనెసంచుల కొట్టు ఒక వేసవి మధ్యాహ్నం తగలబడిపోయింది. ఆ కొట్టాయన బూడిదలో నిలబడి, కాలని తాళంకప్ప ఒకటి చేతిలో పట్టుకుని తిప్పుతూ ఉన్నాడని భర్త చెప్పినప్పుడు ఆమెకి నిద్ర పట్టలేదు. గోనెల కంటే పట్టాలూ మైనమూ నైలానూ ఇంకా తొందరగా అంటుకుంటాయి. ఎవడో డ్రైవరు బీడీ విసిరితే చాలు. "ఇన్సూరెన్స్ చేయించండి" అని ఆరోజునుంచీ వదల్లేదు.

నందిగామలో పార్థసారథిగారని ఒక ఏజెంటు ఉన్నారు. టీచరుగా చేసి రిటైరై, చిన్న షాపులవాళ్ళకి పాలసీలు రాస్తుంటారు. మనిషి నెమ్మది, మాట మెత్తన. ఆయన జగ్గయ్యపేట వచ్చి, షాపంతా తిరిగి చూసి, ఒకే పాలసీలో అన్నీ వచ్చేలా రాస్తానన్నారు. సరుక్కి అగ్నిప్రమాదం, దొంగతనం; పనివాళ్ళకి పనిలో దెబ్బ తగిలితే పరిహారం; ఓనరుకి ప్రమాద బీమా. కాయితాలు ఇంటికొచ్చాయి. ఆయన వేలు పెట్టాడు, నాగశ్రీ సంతకం చేసింది.

"మీకు కూడా రాశారుగా?" అని అడిగింది.

"ఆ, అన్నీ అయినయ్. పెరుగెయ్" అన్నాడు.

ఆ చెప్పిన గొంతూ, ఆ పెరుగూ ఆమెకి ఇప్పటికీ గుర్తే.

ఆయన పోయిన సాయంత్రం ఏం జరిగిందో ఆమెకి ముక్కలు ముక్కలుగా చెప్పారు. ముక్త్యాల నుంచి లోడుతో వచ్చిన లారీ ఒకటి షాపు ముందు ఆగింది. పట్టా కొత్తది, తాళ్ళు మాత్రం డ్రైవరు తనవే కట్టమన్నాడు. పాత తాళ్ళు. లోడు పైన థామస్ ఒక మూల, బుల్లిబాబు ఒక మూల నిలబడి లాగుతున్నారు. తాడు తెగింది. చెరోవైపు లాగుతున్నవాళ్ళిద్దరూ వెనక్కి పడ్డారు. థామస్ ఇసక కుప్ప మీద పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. బుల్లిబాబు కాలవ గట్టు సిమెంటు అంచు మీద పడ్డాడు. విజయవాడ తీసుకెళ్తుంటే నందిగామ దాటకముందే ప్రాణం పోయింది.

పదకొండో రోజు చుట్టాలందరూ ఉండగానే వీరేంద్ర అసలు మాట ఎత్తాడు. పిల్లలు లేని ఇల్లు, అన్న పోయాడు, వ్యాపారం ఎవరు చూస్తారు? "షాపు నాకు వదిలెయ్ వదినా. నిన్నూ అమ్మనీ చూసుకునేది నేనేగా" అన్నాడు. నాగశ్రీ తల ఎత్తకుండానే, షాపు తనే చూసుకుంటానంది. గదిలో ఎవరూ నవ్వలేదు గానీ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పెద్దమనుషులు చివరికి ఒక మాట తేల్చారు: బుల్లిబాబు మీద ఇన్సూరెన్స్ వస్తే ఆ డబ్బుతో సరుకు తెచ్చుకుని నాగశ్రీ నడుపుకోవచ్చు. రాకపోతే షాపు వీరేంద్రది.

ఆమెకి ఆ షరతు కష్టంగా తోచలేదు. వస్తుందనే నమ్మకం. అడిగి మరీ చేయించిన పాలసీ కదా.

ఆ నమ్మకంతోనే షాపు తెరిచింది. తన పేరున్న బోర్డు కింద అన్నేళ్ళ తర్వాత రెండోసారి నిలబడింది. ముందు రింగులు కొట్టడం నేర్చుకుంది, తర్వాత మిషను తొక్కడం. మందపాటి పట్టా సూది కింద కదలకపోతే మోకాలితో తోసేది. డ్రైవర్లు వచ్చి "బాబుగారు లేరా?" అనేవాళ్ళు. తెలిసినవాళ్ళు తల దించుకునేవాళ్ళు. తెలియనివాళ్ళు బోర్డు వంక, ఆమె వంక చూసి, "మీరేనా ఆ ఓనరు? బేరానికి ఒప్పుకోరంట కదా" అనేవాళ్ళు. అప్పుడు ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేవి. లారీవాళ్ళ నోళ్ళు ఆయన భయపెట్టినంత చెడ్డవి కావని కూడా అప్పుడే తెలిసింది. కానీ పట్టా గుడ్డ ఇచ్చే హైదరాబాదు వ్యాపారి అరువు ఆపేశాడు. ఉన్న గుడ్డ తరిగిపోతోంది. క్లెయిమ్ వస్తే తప్ప గడవని స్థితి.

ముందు థామస్‌కి వచ్చింది. కాలికి కట్టుతో కుంటుకుంటూ వచ్చి, "అమ్మా, నాకు ఇచ్చారమ్మా" అని, ఇచ్చినందుకు తప్పుచేసినవాడిలా నిలబడ్డాడు. "మంచిదే థామస్, నీకిచ్చారంటే మాకూ ఇస్తారు" అంది.

తర్వాత కొన్నాళ్ళకి కంపెనీ నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. కుర్రాడు, మర్యాదస్తుడు. మంచినీళ్ళు తాగి, ఫైలు తెరిచి, కళ్ళజోడు సర్దుకున్నాడు.

"ప్రమాద బీమా ఓనరుకి రాశారమ్మా."

"అవునండీ."

"రికార్డు ప్రకారం ఓనరు మీరు."

"అవునండీ. పేరు నాదే. చూసుకునేది ఆయన."

"ఆయన పేరు పాలసీలో ఎక్కడా లేదమ్మా. ఓనరుగానూ లేదు, పనివాళ్ళలోనూ లేదు. పనివాళ్ళలో ఉన్నా ఇచ్చేవాళ్ళం." ఫైలు మూసి, ఇక చెప్పక తప్పదన్నట్టు అన్నాడు: "మా లెక్కలో ఓనరు బతికే ఉన్నారు కదమ్మా."

లోపలి గది గుమ్మంలో కూర్చున్న రాఘవమ్మ "ఏంటంటాడే అతను?" అని కేకేసింది.  పసుపుకుంకాలు తీసేసిన మనిషితో, పోయింది నీ ఇంట్లో మనిషే గానీ మాకు లెక్కలోకొచ్చే మనిషి కాదని చెప్పి, ఆ కుర్రాడు మెట్లు దిగి వెళ్ళిపోయాడు. పాపం, అతను చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. అదే ఆమెకి మింగుడుపడలేదు.

మర్నాడు బస్సెక్కి నందిగామ వెళ్ళింది. పార్థసారథిగారు ఆమెని చూస్తూనే లేచి నిలబడ్డారు. భార్యని పిలిచి కాఫీ పెట్టమన్నారు. ఆమె కాఫీ ముట్టలేదు.

"పనివాళ్ళలో పేరుంటే వచ్చేదట కదండీ. థామస్ కింద ఒక్క లైను రాయాల్సింది."

"రాయొచ్చమ్మా. రూలు ఒప్పుకుంటుంది."

"మరి?"

పార్థసారథిగారు మెల్లగా చేతులు రుద్దుకున్నారు. "బుల్లిబాబుగారి లాంటి మనిషిని పనివాళ్ళ లిస్టులో ఎలా రాస్తామమ్మా? భార్య దగ్గర పనివాడని రాస్తే ఆయన ఒప్పుకుంటారా? చుట్టుపక్కల అందరూ ఓనరుగారని పిలిచే మనిషి. పరువూ మర్యాదా చూసుకోవాలి కదా."

ఆయన ఒప్పుకోలేదన్నమాట. ఆమెకి అలాగే అర్థమైంది. పార్థసారథిగారు అబద్ధం చెప్పే మనిషి కాదు; ఆమె కూడా మళ్ళీ అడగలేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని నాగశ్రీ ఏడవలేదు. కన్నీళ్ళ చోట కోపం వచ్చి కూర్చుంది. పేరు వాడుకున్నాడు, సంతకాలు వాడుకున్నాడు, బేరాల్లో తన పేరు చెప్పి నవ్వించాడు. అంతా ఆట. ఆ ఆటలో ఒక్క లైను, ఒకే ఒక్క లైను, భార్య కింద పనివాడని కాయితం మీద నిజంగా రాయాల్సి వచ్చేసరికి మగతనం అడ్డొచ్చింది. "అన్నీ అయినయ్, పెరుగెయ్" అన్నాడు. మొహాన అబద్ధం చెప్పాడు.

ఇంటికొచ్చి చెబితే రాఘవమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. ఆ ఏడుపులో కాస్త గర్వం కూడా ఉంది. "మావాడు నీ దగ్గర కూలోడిగా రాయించుకుంటాడంటే? చచ్చినా రాయించుకోడు."

"అదే జరిగిందిగా అత్తయ్యా" అంది నాగశ్రీ.



ఆ సాయంత్రం వెనక వసారాలోకి వెళ్ళి, మెషీన్‌కి కట్టిన నైలాన్ తాడు కొస పట్టుకుని లాగింది. లారీ ముడి, ఒక్క లాగుకి మొత్తం ఊడొచ్చింది. నీలం ముసుగు మడత కూడా పెట్టకుండా చుట్టచుట్టి, కూరల బండి సౌభాగ్యమ్మ వస్తే ఇచ్చేసింది. "మంచి పట్టా ఇది, ఎందుకమ్మా ఇస్తున్నారు?" అని సౌభాగ్యమ్మ రెండుసార్లు అడిగింది. "నాకు పనికిరాదు" అంది. ఫోటోకి పూలు పెట్టడం మానేసింది. అడిగినవాళ్ళకి పూల రేట్లు మండిపోతున్నాయని చెప్పింది.

షాపు తాళాలు వీరేంద్రకి వెళ్ళాయి. అతను చెడ్డవాడేమీ కాదు. ప్రతి నెలా ఇంటికి సామాను పంపిస్తాడు, తల్లికి మందులు తెస్తాడు. లారీలెక్కడు, టేపుతోనే పని కానిస్తాడు. వెళ్ళగానే నాగశ్రీ తొక్కిన మిషను గోడవైపు జరిపి, ముందు ఒక టేబులు వేసి కూర్చున్నాడు. బోర్డు మార్చలేదు. రాఘవమ్మ మార్చనివ్వలేదు. కలిసొచ్చిన పేరు తీయకూడదంది. ఆ పేరు ఎవరికి కలిసొచ్చిందని నాగశ్రీ అడగలేదు. ఎర్రటి అక్షరాలు అలాగే ఉన్నాయి. కింద ప్రొప్రయిటర్ అలాగే ఉంది. ప్రొప్రయిటర్ మాత్రం ఇంట్లో కూర్చుని పప్పులో రాళ్ళేరుతోంది. కాయితాలు వస్తే ఇప్పుడు వీరేంద్ర వేలు పెట్టి చూపిస్తాడు. కాకపోతే ఇప్పుడామె చదివి గానీ సంతకం పెట్టదు. వీరేంద్రకి విసుగు. అందుకే ఈమధ్య థామస్‌తో పంపిస్తున్నాడు.

సంవత్సరీకం వెళ్ళిన కొన్నాళ్ళకి థామస్ ఒక కవరు పట్టుకొచ్చాడు. కాలు కట్టు విప్పేశారు గానీ నడకలో కాస్త ఒంపు మిగిలింది. వసారాలో కూర్చున్నాడు. నాగశ్రీ మజ్జిగ ఇచ్చి, కవరు విప్పింది. షాపు ఇన్సూరెన్స్ రెన్యువలు. సరుకు, అగ్నిప్రమాదం, దొంగతనం. ఓనరు: పి. నాగశ్రీ. పనివాళ్ళు: థామస్, ఇంకొకతను. అక్కడితో అయిపోయింది.

కాయితం మడిచి కవర్లో పెట్టేసింది.

"సంతకం పెట్టలేదమ్మా" అన్నాడు థామస్.

"వీరేంద్ర పేరేదీ?"

"ఆయన పేరెందుకమ్మా?"

"షాపులో రోజంతా ఉండేది అతనేగా. రేపు నెత్తిన ఏ పట్టా చుట్టో పడితే? పనివాళ్ళలో రాయించుకురా. నీ పేరు కింద. అప్పుడు పెడతా సంతకం."

లోపలినుంచి రాఘవమ్మ గొంతు లేచింది. "నా రెండో కొడుకుని కూడా పనోణ్ణి చేస్తావంటే?"

"పెద్దాయన పరువు నిలబెట్టుకున్నాం కదత్తయ్యా" అంది నాగశ్రీ, అటు తిరగకుండానే. "గోడమీద ఉంది చూడండి. ఒకటి చాలు."

 థామస్‌కి ఆ మాటలో పదును అందలేదు. అతను గ్లాసు పట్టుకుని, ఏదో గుర్తొచ్చినట్టు తనలో తను నవ్వుకుంటున్నాడు. పోయిన మనిషిని తలుచుకుని చాలా రోజుల తర్వాత నవ్వేవాడి నవ్వు అది.

"ఎందుకు నవ్వుతున్నావ్?"

"ఏం లేదమ్మా. అచ్చం ఓనరుగారిలాగే అన్నారు మీరు."

"ఏమని?"

"ముందు పాలసీ రాసేటప్పుడమ్మా. పార్థసారథిగారు టేబులు దగ్గర కూర్చుని మా పేర్లు రాసుకుంటున్నారు. ఓనరుగారు మిషను మీదున్నారు. తలెత్తకుండానే, 'సార్, థామస్ కింద నాదీ రాయండి. బుల్లిబాబు, నాగశ్రీగారి దగ్గర పనివాడు' అన్నారు. మేం పడీపడీ నవ్వాం. పార్థసారథిగారైతే కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. 'భలేవారండీ మీరు' అని."

నాగశ్రీ చేతిలో కవరు అలాగే ఉంది.

"ఆయన?" అంది. "ఆయన కూడా నవ్వారా?"

"ఆయనెప్పుడు నవ్వారమ్మా, మనల్ని నవ్వించడమే గానీ. మిషనాపి లేచొచ్చి, 'కాదు సార్, రాయండి' అని మళ్ళీ అన్నారు. ఇంకా నవ్వాం." థామస్ మజ్జిగ గ్లాసు కింద పెట్టి, మూతి తుడుచుకున్నాడు. "చొక్కా జేబులోంచి ఆధార్ కార్డు తీసి ఆయన ముందు పెట్టారు కూడానమ్మా. పార్థసారథిగారు నవ్వుతూనే దాన్ని మళ్ళీ ఓనరుగారి జేబులోనే పెట్టేశారు."